గోడ మూసేలోపు ఆ 450 డాలర్లు పెట్టండి

ప్రశ్న: మాది డాలస్ దగ్గర ఫ్రిస్కో. వాటర్ హీటర్ లీకై దాని వెనక గోడకు సుమారు 40 చదరపు అడుగుల మేర బూజు పట్టింది. తీయించడానికి 7,800 డాలర్లు అయింది. ఇంటి ఇన్సూరెన్స్ పాలసీలో బూజుకు ఉన్న 5,000 పరిమితి దానితోనే అయిపోయింది. కాంట్రాక్టరుకు సగం ఇచ్చాం, మిగతా 3,900 శుక్రవారం ఇవ్వాలి. సోమవారం షీట్‌రాక్ (గోడకు బిగించే జిప్సం పలక) వేస్తారు. ‘బూజు పూర్తిగా పోయిందో లేదో టెస్ట్ మేమే ఫ్రీగా చేసి కాగితం ఇస్తాం’ అంటున్నారాయన. అదే టెస్టుకు బయటి కన్సల్టెంట్ 450 అడుగుతున్నారు. రెండేళ్లలో ఇల్లు అమ్ముదామనుకుంటున్నాం. ఇంకా ఖర్చు పెట్టాలా?

జవాబు: పెట్టాలండీ. అదీ సోమవారం లోపే.

మన ఊళ్లో బూజంటే పండగకు ముందు బూజుకర్రతో దులిపేసేది. అందుకే చాలామంది ‘పోయిందిగా, కళ్లకు కనబడుతోందిగా’ అనుకుంటారు. టెక్సస్‌లో మాత్రం ఇది కాగితాల వ్యవహారం. ఒకేచోట 25 చదరపు అడుగులు, అంటే ఒక షీట్‌రాక్ పలకలో ముప్పావు వంతుకు కాస్త ఎక్కువ ఉంటే, తీసేవాళ్లకు లైసెన్స్ ఉండాలి. పరీక్షించేవాళ్లకూ విడిగా లైసెన్స్ ఉండాలి. ఒకే పనిలో రెండూ ఒకరే చేయకూడదు. కాబట్టి మీ కాంట్రాక్టరు ఫ్రీగా ఇస్తానంటున్న కాగితం రేపు ఇల్లు కొనేవాళ్ల ముందు చెల్లదు. పరీక్షకు డబ్బు ఎవరు ఇస్తున్నారో, ఆ మనిషి ఎవరి మనిషో కూడా చూసుకోండి. కాంట్రాక్టరు పిలిపించి, కాంట్రాక్టరే ఫీజు కట్టే ‘బయటి మనిషి’ నాకైతే నచ్చడు.

ఒకటి అడగాలి. పని మొదలుపెట్టకముందు ఎక్కడ ఎంతవరకు తీయాలో రాసిచ్చిన ప్రోటోకాల్ మీ దగ్గర ఉందా? ఉంటే రాసిన కన్సల్టెంట్‌నే పిలవండి. లేకపోతే మీ కాంట్రాక్టరు లైసెన్స్‌ను రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ టీడీఎల్ఆర్ సైట్‌లో ఈ రాత్రే వెతకండి.

450కి కన్సల్టెంట్ చేసేదేమిటంటే, మొదట టార్చ్ వేసి గోడ లోపలి చెక్కంతా చూస్తారు. తేమ మీటర్ గుచ్చుతారు. తర్వాత చిన్న పంపుతో ఇంట్లో గాలి, అదే రోజు బయటి గాలి పట్టి ల్యాబ్‌కు పంపుతారు. ఇంత ఉంటే క్షేమం అనే ఫెడరల్ అంకె ఏదీ లేదు, బయటి గాలితో పోల్చి చూడటమే. అందుకే గాలి రిపోర్టు ఒక్కటే చూపించి ‘పాసయ్యాం’ అంటే ఒప్పుకోకండి. నాకు మీటరే ముఖ్యం.

ఎందుకంటే, 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో మా ఇంట్లో పైపు పగిలింది. బూజు తీసినాయన పని బాగుందని నమ్మి బిల్లు మొత్తం ఇచ్చేశాను. వారం తర్వాత కన్సల్టెంట్ వచ్చి, గోడ అడుగున నేలకు ఆనుకుని ఉండే చెక్కకు మీటర్ పెడితే 28 శాతం తేమ చూపించింది. పైనంతా తెల్లగా మెరుస్తోంది, కింద తడి అలాగే ఉంది. తర్వాత ఆ కాంట్రాక్టరు ఫోన్ ఎత్తలేదు. మళ్లీ ఆరబెట్టించింది నా డబ్బుతోనే. ఊరందరికీ డబ్బు జాగ్రత్తలు చెప్పేవాణ్ణి, మా ఆవిడ ఇప్పటికీ గుర్తు చేస్తూనే ఉంటుంది.

కాబట్టి మీ చేతిలో ఉన్న 3,900నే అసలు ఆయుధం అనుకోండి. ఇవ్వనని మాత్రం అనకండి, బాకీ కింద ఇంటి మీద లీన్ (చట్టపరమైన హక్కు) వేస్తే అదో తలనొప్పి. ఒప్పందం ఒకసారి చదువుకుని, ‘క్లియరెన్స్ (బూజు పోయిందన్న కన్సల్టెంట్ రిపోర్టు) వచ్చిన రోజే మిగతా డబ్బు ఇస్తాం. ఫెయిలైతే మళ్లీ శుభ్రం చేయడం, రెండో టెస్టు ఫీజు మీవి’ అని ఈమెయిల్ పంపండి. సరైన కాంట్రాక్టరైతే పెద్దగా అభ్యంతరం చెప్పరు. షీట్‌రాక్‌ వాళ్లకు రెండు మూడు రోజులు ఆగమని చెప్పండి. మూసిన గోడను మళ్లీ కోయించడం 450 కంటే ఖరీదు.

ఖర్చు లెక్క చూస్తే ఇది మొత్తం పనిలో వందకు ఆరు కూడా కాదు. ఎమర్జెన్సీ ఫండ్‌లోంచి తీయండి, క్రెడిట్ కార్డు మీద వేయకండి. ‘పనిలోపని’గా ఇల్లంతా పది శాంపిళ్లు తీయిస్తామంటే వద్దనండి, ఆ గోడ వరకు చాలు.

పాసైతే, పని ముగిసిన పది రోజుల్లోపు కాంట్రాక్టరు మీకు బూజు నివారణ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇది చట్టం. అది ఉంటే పాత బూజును సాకుగా చూపి ఇన్సూరెన్స్ కంపెనీ మీకు పాలసీ నిరాకరించకూడదు. ఇల్లు అమ్మేటప్పుడు గత అయిదేళ్లలో వచ్చిన సర్టిఫికెట్ల కాపీలు కొనేవాళ్లకు మీరు ఇవ్వాలి. మీ రెండేళ్ల ప్లాన్ అందులోకే వస్తుంది. అయితే బూజుకు మూలమైన లీకు కూడా సరైందని కన్సల్టెంట్ ఆ సర్టిఫికెట్‌లో రాయగలగాలి. అందుకే వాటర్ హీటర్ బాగుచేసిన ప్లంబర్ బిల్లు అడుగుతారు. అది మీ దగ్గర లేకపోతే ఇవాళే ఫోన్ చేసి తెప్పించుకోండి.