బరువు సరిగ్గానే ఉంది, బొజ్జ ఒక్కటే... షుగర్ వస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 38 ఏళ్లు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు. కాళ్లూ చేతులూ సన్నగానే ఉంటాయి, పొట్ట మాత్రం ముందుకొచ్చింది. ఆఫీసు చెకప్‌లో పరగడుపు షుగర్ 108, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 5.9, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 210, మంచి కొలెస్ట్రాల్ 36 వచ్చాయి. అమ్మకు షుగర్ ఉంది. నా పక్క సీటు మిత్రుడు 88 కిలోలుంటాడు, అతనికి అన్నీ నార్మలే. ఇదెలా? నేనేం చేయాలి?

జవాబు: మీకు ఇంకా షుగర్ రాలేదు, కానీ గడప దాకా వచ్చింది. పరగడుపున 100 నుంచి 125, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 ఉంటే ప్రీడయాబెటిస్ అంటాం. మీ బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క, 22.8. మనవాళ్లకు 23 నుంచే అధిక బరువు కింద లెక్క కాబట్టి, కాగితం మీద మీరు గీతకు ఇవతలే ఉన్నారు. కానీ ఒంట్లో కొవ్వు ఎంతుందో, ఎక్కడ చేరిందో బీఎంఐ చెప్పదు. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ 2004లో తమ ఒళ్లనే కొలిచి ఈ సంగతి చూపించారు. ఇద్దరి బీఎంఐ 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం!

తొడలు, పిరుదుల దగ్గర చర్మం కింద ఉండే కొవ్వు గోదాములో సరుకులాంటిది, చాలావరకు కదలకుండా ఉంటుంది. మీ మిత్రుడి గోదాము పెద్దది కావచ్చు. మీది చిన్నది. అది నిండాక మిగిలింది పేగుల చుట్టూ, కాలేయంలో, కండల్లో చేరుతుంది. పేగుల చుట్టూ చేరిన కొవ్వు ఇట్టే కరిగి, పోర్టల్ సిర ద్వారా నేరుగా కాలేయానికి వెళుతుంది. అప్పుడు కాలేయం ఇన్సులిన్ మాట వినదు. రాత్రంతా గ్లూకోజు వదులుతూనే ఉంటుంది. ఏమీ తినకపోయినా పొద్దున్నే 108 వచ్చేది అందుకే. ట్రైగ్లిజరైడ్లు పెరిగి, మంచి కొలెస్ట్రాల్ తగ్గడం కూడా ఈ గొలుసులో భాగమే. అలాగని మీ మిత్రుడికి ఏ ముప్పూ లేదని కాదు. బీపీ, మోకాళ్లు, నిద్రలో గురక అతను చూసుకోవాల్సినవి.

ప్యాంటు సైజును నమ్మకండి. బొజ్జ పెరిగేకొద్దీ బెల్టు కిందికి జారుతుంది, సైజు మాత్రం అదే 34. పొద్దున పరగడుపున చొక్కా తీసి నిలబడండి. పక్కటెముకల్లో చివరిదాన్నీ, తుంటి ఎముక పై అంచునూ వేలితో తడిమి, రెంటికీ సరిగ్గా మధ్యన టేపు చుట్టండి. టేపు నేలకు సమాంతరంగా ఉండాలి, చర్మాన్ని నొక్కకూడదు. పొట్ట లోపలికి లాగకుండా, మామూలుగా గాలి వదిలాక చదవండి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. ఎత్తులో సగం లోపు ఉంటే ఇంకా మంచిది, అంటే మీకు 85. మెడ వెనక నల్లగా, మందంగా ఉందేమో కూడా చూసుకోండి. మురికి అనుకుని పీచుతో రుద్దుతుంటారు. అది ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు.

75 గ్రాముల గ్లూకోజు తాగి 2 గంటలకు చేసే పరీక్ష, కాలేయం సంగతి చెప్పే ఎస్‌జీపీటీ రక్తపరీక్ష, పొట్ట స్కానింగ్ చేయించుకోండి. 2 గంటల షుగర్ 140 నుంచి 199 అయితే ప్రీడయాబెటిసే, 200 లేదా అంతకు మించితే షుగర్ వ్యాధి. హిమోగ్లోబిన్ కూడా చూడాలి, ఎందుకంటే ఐరన్ లోపం ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు.

4 నుంచి 5 కిలోలు తగ్గితే చాలు, కానీ కండ కరగకూడదు. పస్తులుంటే కొవ్వుతో పాటు మీ సన్నటి కాళ్లలోని కండ కూడా కరుగుతుంది. తిన్న గ్లూకోజును ఎక్కువగా వాడుకునేది ఆ కండలే కాబట్టి, వారానికి 3 రోజులు గుంజీలు, దండీలు, డంబెల్స్ చేయండి. మిగతా రోజుల్లో 30 నిమిషాల చురుకైన నడక, రాత్రి భోజనమయ్యాక మరో 15 నిమిషాలు. క్రంచెస్ లాంటి పొట్ట వ్యాయామాల వల్ల మాత్రమే లోపలి కొవ్వు కరగదు. లైపోసక్షన్ తీసేది చర్మం కింది కొవ్వునే, దాంతో షుగర్ ముప్పు తగ్గదు. ‘ఇంచ్ లాస్’ ప్రకటనల మీద డబ్బు పోగొట్టుకోకండి.

తిండిలో మొదట తగ్గించాల్సింది అన్నం. కంచంలో పావు వంతు చాలు, సగం కూరలు ఉండాలి. అన్నం బదులు జొన్న రొట్టె మంచిదే, కానీ నాలుగు రొట్టెలు తింటే లాభం లేదు. మీకు రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. రెండు గుడ్లు, ఓ కప్పు గట్టి పప్పు, 100 గ్రాముల చికెన్, కప్పు పెరుగు, గుప్పెడు శనగ గుగ్గిళ్లతో అది వచ్చేస్తుంది. నీళ్ల పప్పుచారును ఈ లెక్కలో వేయకండి. నూనె ఒక్కొక్కరికి నెలకు అర లీటరు. సాయంత్రం రెండు ఇరానీ చాయ్‌లు, నాలుగు ఉస్మానియా బిస్కెట్లు, రాత్రి 11 గంటలకు ఆర్డర్ పెట్టిన బిర్యానీ ఉంటే వాటిని ముందు ఆపండి. భోజనం 8 గంటలకల్లా ముగించండి. వారాంతపు బీరు కూడా కాలేయానికి భారమే.

చెన్నైలో ప్రీడయాబెటిస్ ఉన్నవారిపై చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. ఆహారం, వ్యాయామంతో షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. బరువు పెద్దగా తగ్గకపోయినా ఆ ఫలితం వచ్చింది, కాబట్టి నెల తర్వాత కాటా మీద ముల్లు కదలలేదని మానేయకండి, నడుము కొలత రాసుకోండి. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ కావాలా వద్దా అన్నది మీ డాక్టర్ తేల్చాలి, స్నేహితుడి చీటీ చూసి వేసుకోవద్దు. 3 నెలలకు పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ, ట్రైగ్లిజరైడ్లు మళ్లీ చేయించండి. ఈలోగా దాహం, మాటిమాటికీ మూత్రం, కారణం లేకుండా చిక్కిపోవడం కనిపిస్తే ఆ గడువు దాకా ఆగకుండా వెంటనే డాక్టర్‌ను కలవండి.