స్ట్రిక్ట్‌గా ఉంటానన్నావట

అమ్మలూ,

బెంగళూరు బడిలో ఇంగ్లిష్ టీచరుగా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. మన ఇంట్లో నా తరవాత సుద్దముక్క పట్టేది నువ్వే. ఆ సంతోషంలో ఉండగానే "చాలా స్ట్రిక్ట్‌గా ఉంటుందట" అంది. అప్పట్నుంచి నాకు టెన్షన్.

పాఠం ముందురోజే చూసుకో. వేణ్నీళ్లు తాగు. ఇవి ఎవరైనా చెబుతారు.

నేను చెన్నై పెరంబూరులో పనిచేసేటప్పుడు ఐదో తరగతి పిల్లాడి ప్రోగ్రెస్ కార్డులో "లెక్కల్లో రిగరస్ ప్రాక్టీస్ కావాలి" అని ఇంగ్లిషులో రాశాను. ఒక్క మెట్టూ వదలకుండా రోజూ చేయించమని నా ఉద్దేశం. వాళ్ల నాన్నకు ఇంగ్లిషు రాదు. కోర్టులో బంట్రోతుగా చేసే పక్కింటాయన చేత చదివించుకున్నాడు. ఆయన చెవిన పడే రిగరస్ ఒకటే, రిగరస్ ఇంప్రిజన్‌మెంట్. అప్పట్లో అమల్లో ఉన్న 1860 నాటి శిక్షాస్మృతి 53వ సెక్షన్‌లోని కఠిన కారాగారం. "పిల్లాణ్ని కఠినంగా చూడమంటోంది టీచరమ్మ" అని చెప్పాడు.

సోమవారం అంత ఉక్కపోతలోనూ వాడు పొడుగు చేతుల చొక్కాతో వచ్చాడు. చొక్కా చెయ్యి మడిచి చూసింది నేనే. "ఇంక బాగా చేస్తాను టీచర్" అన్నాడు. సాయంత్రం వాళ్లింటికి పరిగెత్తాను. "మీరే కదమ్మా రాశారు" అన్నాడు వాళ్ల నాన్న. ఆ గొంతులో కోపం లేదు. టీచరు మాట విన్నానన్న గౌరవమే ఉంది. ఏం చెప్పను తల్లీ?

నువ్వన్న స్ట్రిక్ట్, కఠినమైన నిబంధనలకు వాడే స్ట్రింజెంట్ రెండూ లాటిన్‌లో బిగించి కట్టడం అనే ఒకే మాటకి పుట్టాయి. చట్టాన్ని స్ట్రింజెంట్ అంటాం, టీచర్ని అనం. వగరుకు వాడే ఆస్ట్రింజెంట్ కూడా ఆ ఇంటిదే. చిన్నప్పుడు కరక్కాయ చప్పరించి నాలుక లాక్కుపోతోందని ఏడ్చావే, ఆ బిగింపే అది. స్ట్రిక్ట్ విత్ అంటే పక్కన మనిషి వస్తాడు, స్ట్రిక్ట్ అబౌట్ అంటే పని వస్తుంది. నువ్వు అబౌట్ పట్టుకో. టైం విషయంలో, హోంవర్కు విషయంలో ఎంత బిగించినా నేనేమీ అనను.

కార్డు మీద మాత్రం పెద్ద మాటలు వద్దు. "రోజూ పది లెక్కలు చేయించండి" అని రాయి. చదువురాని తల్లిదండ్రులైతే పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పు. సందేహమొస్తే రాత్రి పదకొండైనా నాకు ఫోన్ చెయ్యి.

కరక్కాయలు మీ అమ్మతో పంపిస్తున్నాను. గొంతు పట్టేస్తే ముక్క బుగ్గన పెట్టుకో, వగరని పారెయ్యకు.

మీ పెద్దమ్మ