లక్షన్నర కడితే ఉద్యోగమంటున్నారు, కట్టమంటారా?

ప్రశ్న: అక్కా, మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. పోయినేడు బీకాం కంప్యూటర్స్ పూర్తి చేశాను. ఆరు నెలలుగా అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ ఒక సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకున్నా, నౌకరీ వెబ్‌సైట్‌లో రెండు వందల పైనే అప్లై చేశా, ఒక్క కాల్ రాలేదు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు లక్షన్నర కడితే రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టి బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం ఇప్పిస్తామంటున్నారు. నాన్న అమ్మ గొలుసు తాకట్టు పెడతానంటున్నాడు. ఏం చేయను?

జవాబు: కట్టొద్దు తమ్ముడూ. గొలుసు అమ్మ మెళ్లోనే ఉండనీ.

నువ్వు చేరాక కంపెనీ వెరిఫికేషన్ చేయిస్తుంది, చాలా చోట్ల పీఎఫ్ సర్వీస్ హిస్టరీ కూడా అడుగుతారు, నువ్వు చెప్పిన ఆ రెండేళ్లు నీ యూఏఎన్‌లో (పీఎఫ్ ఖాతా నంబర్) కనపడకపోతే చేరిన మూడు నెలలకైనా సరే బయటికి పంపేస్తారు. అప్పుడు కన్సల్టెన్సీ వాడు ఫోనెత్తడు. మా పిన్ని కొడుక్కి అచ్చం ఇదే జరిగింది. వెళ్లి చూస్తే బోర్డే లేదు.

ఇంకో మాట, నీకు కోపం వచ్చినా సరే. బీకాం చదివి అక్కడేం చేస్తున్నావు? మీ నరసరావుపేటలో, గుంటూరులో ఆడిటర్ ఆఫీసులున్నాయి, పట్నంబజారులో హోల్‌సేల్ కొట్లున్నాయి, మిర్చి యార్డు కమిషన్ షాపులున్నాయి, వీళ్లందరికీ లెక్కలు రాసే కుర్రాడు కావాలి. కానీ వీళ్లలో ఎక్కువమంది నౌకరీలో ప్రకటన ఇవ్వరు. ఉన్నవాడు మానేస్తే తెలిసినవాళ్లకి ఓ మాట చెప్తారు, అంతే. ఆ రోజుకి నీ ముఖం వాళ్లకి గుర్తుండాలి.

వెళ్లే ముందు తేదీ చూసుకో. ముహూర్తం కాదు, జీఎస్టీ తేదీ. నెలనెలా రిటర్నులు వేసేవాళ్లకి 11న జీఎస్టీఆర్-1, 20న 3బి గడువు, ఆ రోజుల్లో వెళ్తే ఆడిటర్ గారు తలెత్తి కూడా చూడరు. 25 దాటాక సాయంత్రం పూట వెళ్లు. "ఏదైనా ఉద్యోగం ఉందా సార్" అనకు, "కొనుగోలు బిల్లులు ఎక్కించి 2బితో సరిచూడగలను సార్" అను. (2బి అంటే మనకి అమ్మినవాళ్లు చూపించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్లో వచ్చే పట్టిక.) రాదా? నేర్చుకో. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీలో ఎడ్యుకేషనల్ మోడ్ ఉచితమే, కాకపోతే నెలలో 1, 2, 31 తేదీల్లోనే ఎంట్రీలు పడతాయి, నేర్చుకోడానికి అది చాలు. మీ ఊరి ఎరువుల కొట్టాయన్ని బతిమాలి ఒక నెల బిల్లులు తెచ్చుకుని ఎక్కించు, ఎవరికైనా చూపించాల్సొస్తే పేర్లు, జీఎస్టీ నంబర్లు తీసేసి ప్రింట్ పట్టుకెళ్లు. నీ రెజ్యూమె కన్నా ముందు అదే చూస్తారు.

జీతం మొదట్లో తక్కువే. అయితే హాస్టల్ ఫీజు, మెస్సు ఖర్చు ఉండవుగా, అవి తీసేసి లెక్కేసుకో. ఏడాది తిరిగితే చెప్పుకోడానికి అసలైన ఎక్స్‌పీరియన్స్ ఉంటుంది, అప్పుడు హైదరాబాద్ రా, ఎవరొద్దన్నారు.

ఈలోగా నాట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్లో పేరు నమోదు చేసుకో. అప్రెంటిస్‌షిప్ ఇంజినీర్లకే కాదు, బీకాం వాళ్లకీ ఉంది, స్టైపెండ్ కూడా ఇస్తారు. కేంద్రం వాళ్ల ఉద్యోగాల పోర్టల్ ఎన్‌సీఎస్‌లోనూ రిజిస్ట్రేషన్‌కి పైసా కట్టక్కర్లేదు. జాబ్ మేళాలకి కూడా వెళ్లు, కానీ చేతికి ఎంతొస్తుంది, ఏ ఊళ్లో పని, ఎవరి పేరోల్ మీద, ఈ మూడూ అడక్కుండా సంతకం పెట్టకు, అకౌంట్స్ అని చెప్పి టార్గెట్లిచ్చి సేల్స్‌లో తిప్పేవాళ్లూ ఉంటారు.

హాస్టల్ ఖాళీ చేస్తున్నానని ఇవాళే చెప్పు. నెల ముందు చెప్పలేదని అడ్వాన్సులో కోసేస్తారు.