విశాఖ ఆకాశాన్ని చిత్రించాలంటే చూపు ఎక్కడ నిలపాలి?

అపార్ట్‌మెంట్లకూ కేబుల్ తీగలకూ క్రేన్లకూ మధ్య ముక్కలుగా కనిపించే విశాఖ ఆకాశం ఒక చిత్రానికి వస్తువుగా సరిపోతుందా అని మీరు అడిగారు. చాలాకాలంగా నీటిరంగులతో ఈ ఊరి ఆకాశాన్నే వేస్తున్న నా అనుభవంలో, నడినెత్తిన ఉన్న నీలాన్ని వదిలిపెట్టి, మేడలకూ కొండలకూ ఆనుకుని ఉండే కింది అంచును పట్టుకుంటే తప్పకుండా సరిపోతుంది.

దిగంతం వైపు నుంచి వచ్చే వెలుతురు నడినెత్తి నుంచి వచ్చేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ గాలిని దాటుకుని మన కంటికి చేరుతుంది. ఆ గాలిలో సముద్రపు తేమ, ఉప్పు రేణువులు, ఓడరేవు ధూళి కలిసి ఉండి అన్ని రంగుల కాంతినీ ఇంచుమించు సమానంగా చెదరగొడతాయి కాబట్టి అక్కడ నీలం వెలిసిపోతుంది. ఎండ ఎక్కాక బీచ్ రోడ్డు నుంచి డాల్ఫిన్స్ నోస్ వైపు చూడండి. కొండ మీది ఆకాశం పలచటి మజ్జిగలో చిటికెడు పసుపు వేసినట్టు ఉంటుంది. ఆ పట్టీకి నేను ముందుగా బాగా పలచన చేసిన ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపు పూసి, తడి ఆరకముందే పైనుంచి అల్ట్రామెరీన్ అనే ముదురు నీలం దించుతాను. ఆకుపచ్చ ఛాయ ఉండే సెరూలియన్ నీలం వాడితే రెండూ కలిసేచోట పచ్చబారుతుంది. ఇక్కడి ఉక్కపోత మనిషికి ఎంత కష్టమైనా, వాష్ (పలచటి రంగునీటి పూత) నిదానంగా ఆరడం వల్ల ఈ పనికి మాత్రం మేలే చేస్తుంది.

అందరూ సముద్రం మీది సూర్యోదయానికే ఎగబడతారు గానీ, నా ఓటు సాయంత్రానికే. పొద్దు పడమటి కొండల వైపు వాలాక, రోడ్డు పక్క భవనాల నీడ ఇసుక మీద పరుచుకున్నా, సముద్రం పైనున్న మబ్బులకు ఇంకా ఎండ తగులుతూనే ఉంటుంది.

తీగలను చెరిపేయకండి. ఆకాశం ముందు నల్లగా కనిపించే తీగే, నీడలో ఉన్న గోడ ముందుకు వచ్చేసరికి లేత గీతగా మారుతుంది. ఆ మార్పును వేస్తే దూరం దానంతటదే తెలుస్తుంది. ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే తన లండన్ చిత్రాల్లో బొగ్గుపొగను దాచలేదు సరికదా, దానికోసమే అక్కడికి శీతాకాలంలో వెళ్లాడు. 1821, 1822లలో లండన్ దగ్గరి హాంప్‌స్టెడ్‌లో మబ్బులను చిత్రించిన ఇంగ్లిష్ చిత్రకారుడు కాన్‌స్టబుల్ తన అధ్యయనాల్లో చాలావాటి వెనుక తేదీ, వేళ, గాలి దిశ రాసుకున్నాడు. ఆ అలవాటు మీరూ చేసుకోండి.

రాత్రి ఆకాశం సంగతి వేరు. 2014 నాటి హుద్‌హుద్ తుఫాను తర్వాత వీధుల్లో ఎల్ఈడీ దీపాలు వచ్చాయి. సోడియం దీపాల నారింజ వెలుగు పడిన మబ్బులు ఇప్పుడు తెల్లగా, బూడిదగా కనిపిస్తున్నాయి. పాత ఫోటోలు చూసి వేసేటట్టయితే అవి ఎప్పుడు తీసినవో ముందు చూసుకోండి.