జియోటెక్ చదివి ప్రభుత్వ ఉద్యోగంలో చేరితే చదివింది పనికొస్తుందా?

జియోటెక్నికల్ ఇంజనీరింగ్‌లో, అంటే నేల, పునాదుల చదువులో పీజీ చేశారు, ప్రభుత్వ శాఖలో ఇంజనీరుగా ఎంపికయ్యారు, చేతిలో ఒక ప్రైవేటు కన్సల్టెన్సీ ఆఫర్ కూడా ఉంది. ప్రభుత్వంలో చేరితే చదువంతా ఫైళ్ల కింద పడి పోతుందేమో అన్నది మీ సందేహం. పదహారేళ్ల కిందట ఇదే సందేహంతో నెల రోజులు నిద్ర పాడుచేసుకుని, చివరికి నేను ప్రభుత్వంలోనే చేరాను. చదువు ఎక్కడికీ పోదు. కాకపోతే పీజీలో కిందామీదా పడి నేర్చుకున్నది తక్కువ వాడతాం, పెద్దగా పట్టించుకోకుండా దాటేసింది రోజూ వాడతాం.

ముందు పని ఎలా ఉంటుందో చెబుతాను. నేల ఎలా ఉందో చూడ్డానికి బోర్లు, అంటే సన్నటి లోతైన గుంతలు, వేసేది కాంట్రాక్టర్. పరీక్షలు చేసేది ల్యాబ్. డిజైన్ చేసేది చాలాసార్లు బయటి కన్సల్టెంట్. ఎన్ని బోర్లు, ఎంత లోతు, ఏయే పరీక్షలు అన్నది టెండరులో రాయడం, వచ్చిన రిపోర్టు నమ్మొచ్చో లేదో తేల్చడం, ఏ రకం పునాది వేయాలో మాట చెప్పడం, సంతకం పెట్టడం మన పని. ‘అంతేనా’ అనిపిస్తుంది కదా. నాకూ అలాగే అనిపించింది. ఫైనైట్ ఎలిమెంట్ మోడల్ అనే కంప్యూటర్ లెక్కల మీద థీసిస్ రాసి వచ్చినవాడికి మొదటి రోజే ఒక గుట్ట సాయిల్ రిపోర్టులు ఇచ్చి ‘చూసి పంపించు’ అంటే వాడి మొహం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఆ గుట్టలో మూడో రిపోర్టు ఇప్పటికీ గుర్తు. మొత్తం ఎనిమిది బోర్లు. మొదటి దాంట్లో ఎన్ వాల్యూలు, అంటే నేల ఎంత గట్టిదో చెప్పే అంకెలు, 1.5 మీటర్ల లోతు దగ్గర 11, 3 దగ్గర 14, 4.5 దగ్గర 17, 6 దగ్గర 20. రెండో దాంట్లో 12, 15, 18, 21. మిగతా ఆరూ అంతే, మెట్లు కట్టినట్టు. చూడ్డానికి ముచ్చటగా ఉంది, కానీ నేల అంత బుద్ధిగా ఉండదు. పై అధికారి దగ్గరికి వెళ్లి చెబితే ఆయన తలెత్తకుండానే ‘డౌట్ ఉంటే వెళ్లి చూడవయ్యా, ఇక్కడ కూర్చుంటే తేలుతుందా’ అన్నారు. అది విసుగో ప్రోత్సాహమో నాకు ఇప్పటికీ తెలీదు.

వెళ్లాను. ఎన్ వాల్యూ తేల్చే పరీక్ష సంగతి మీకు తెలిసిందే, ఇది చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను: 63.5 కిలోల సుత్తిని 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ ఒక గొట్టాన్ని మట్టిలోకి దింపుతారు. మొదటి 15 సెంటీమీటర్ల దెబ్బలు లెక్కలోకి రావు. తర్వాతి 30 సెంటీమీటర్లకు ఎన్ని దెబ్బలు పడితే అదే ఎన్ వాల్యూ. వింటే పిల్లల ఆటలా ఉంటుంది. కానీ తాడు లాగే మనిషి అలసిపోతే ఎత్తు 76 నుంచి 50కి దిగుతుంది. డ్రమ్ము మీద తాడు ఒక చుట్టు ఎక్కువ ఉంటే సుత్తి స్వేచ్ఛగా పడదు. రెండింటిలోనూ దెబ్బలు ఎక్కువ పడతాయి, మెత్తటి నేల కాగితం మీద గట్టి నేల అయిపోతుంది. నేను చూసేసరికి ఈ రెండూ జరుగుతున్నాయి. పైగా లెక్కపెట్టాల్సిన కుర్రాడు ఫోన్లో మాట్లాడుతూ, ఇందాక రాసిన అంకెకు మూడు కలిపి రాసుకుంటున్నాడు.

రెండు బోర్లు నా ముందే మళ్లీ వేయించాను. రాడ్ మీద 15 సెంటీమీటర్లకొక గీత సుద్దముక్కతో గీసి, దెబ్బలు నేనే లెక్కపెట్టాను. మొదటి బోరులో వచ్చినవి 9, 22, 6, 31. ఆ 6 దగ్గర గొట్టం విప్పి చూస్తే బూడిదరంగు బంకమట్టి. బొటనవేలు నొక్కితే మెత్తగా దిగిపోయింది. కాస్త తీసి అరచేతిలో దారంలా చుట్టాను. 3 మిల్లీమీటర్ల సన్నానికి వచ్చినా తెగలేదు, ఇంకా సాగుతూనే ఉంది. మట్టి ఎంత తేమ దాకా సాగుతుందో చూడ్డానికి ల్యాబ్‌లో గాజుపలక మీద చేసే ప్లాస్టిక్ లిమిట్ పరీక్ష ఇదేగా, పీజీలో మూడు మార్కుల ప్రశ్నగా చూసి వదిలేశాను! ఆ బోరు వేసే రిగ్గు మీద పెద్దాయన ఒకరు, బోరులోంచి పైకొచ్చే నీళ్ల రంగు మారగానే ‘పొర మారింది సార్’ అని నాకంటే ముందే చెప్పేవారు. తర్వాత గొట్టం దించి చూస్తే నిజంగానే మారి ఉండేది.

ఆ మెత్తటి పొర మీటరున్నర మందం కూడా లేదు. అయినా పాత అంకెలు నమ్మి తక్కువ లోతులో ఓపెన్ ఫౌండేషన్ వేసి ఉంటే భవనం ఎగుడుదిగుడుగా కుంగేది. ఎనిమిది బోర్లూ మళ్లీ వేయించి, లోతుగా గట్టి నేలదాకా దించే స్తంభాలకు, అంటే పైల్స్‌కి మారాం. నెలన్నర ఆలస్యం, బిల్లు మీద పేచీ, ‘కొత్తగా వచ్చాడు కదా, అన్నీ అనుమానాలే’ అన్న మాట. ఆ భవనం ఇప్పటిదాకా పగలలేదు కాబట్టి నేను చేసింది అవసరమేనని రుజువు చేసే దారి కూడా లేదు. ఈ ఉద్యోగంలో ఇదొక చిరాకు, అలవాటు పడాలి.

ఇది చదివి నన్ను మరీ గొప్పవాణ్ణి అనుకోకండి. ఏడో ఏట నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒక కొండవాలును కోసి మట్టి జారకుండా ఆపే 4 మీటర్ల ఎత్తు గోడ, రిటైనింగ్ వాల్, కట్టించాం. డ్రాయింగ్‌లో గోడ వెనక కంకర పొర, గోడకు నీళ్లు పోయే రంధ్రాలు అన్నీ ఉన్నాయి. వెనక మట్టి నింపే వారం నేను వేరే పని మీద తిరుగుతూ, ఫోటోలు చూసి ఓకే చేశాను. ఫోటోలో కంకర కనిపించింది. అది గోడ చివర రెండు మీటర్లే అని తర్వాత తెలిసింది. మిగతా పొడవంతా అక్కడ తవ్విన బంకమట్టినే తిరిగి నింపేశారు. మొదటి పెద్ద వానకు గోడ మధ్యలో పొట్ట కట్టింది. అదృష్టం కొద్దీ కింద ఎవరూ లేరు.

లెక్క చూడండి. అంత ఎత్తు గోడను వెనక ఉన్న పొడి ఇసుక మట్టి మీటరు పొడవుకు దాదాపు 5 టన్నుల బలంతో తోస్తుంది. అదే మట్టిలో నీరు పైదాకా నిలిస్తే మట్టి, నీరు కలిసి 10 టన్నులు దాటుతాయి. మనం 5 టన్నుల తోపును ఆపే గోడ కట్టి, రంధ్రాలు పనిచేస్తాయన్న నమ్మకం మీద వదిలేస్తాం. అంటే గోడ బలం కాంక్రీటులో ఎంత ఉందో, వెనకున్న కంకరలో అంతే ఉంది. విచారణలో నా సంతకం చూపించారు. కాంట్రాక్టర్ మీద నెట్టేయొచ్చు, కొంత నెట్టాను కూడా. కానీ ఫోటో చూసి ఓకే చేసింది నేనే. అప్పటి నుంచి మట్టి నింపే రోజు సైట్‌లో లేకపోతే ఆ పనికి సంతకం పెట్టను, ఎవరు ఫోన్ చేసినా సరే.

ఇక ప్రభుత్వంలో మాత్రమే ఎదురయ్యే తలనొప్పి ఒకటుంది: ప్రారంభోత్సవం తేదీ. మెత్తటి బంకమట్టి మీద వంతెన ఎక్కే దారికి మట్టికట్ట (అప్రోచ్ కట్ట) వేశాం. మట్టిలోని నీరు నెమ్మదిగా బయటికి పోతేనే కట్ట కుంగడం ఆగుతుంది. నేల ఇంజనీరింగ్‌కు ఆద్యుడు టెర్జాగీ 1925లో దీని మీద తన సిద్ధాంతం ప్రచురించి వందేళ్లు దాటింది, ఆ నీటికి మాత్రం ఏ తేదీ చెప్పినా వినపడదు. ఏడాది ఆగాలి అన్నాను. మీటింగులో ‘మూడు నెలల్లో కాదా’ అని అడిగారు. అప్పుడు చదువు నిజంగా అక్కరకొచ్చింది. నీరు బయటపడే దూరాన్ని సగం చేస్తే పట్టే కాలం నాలుగో వంతుకు తగ్గుతుందని బోర్డు మీద గీసి చూపించి, మట్టిలోకి నిలువు డ్రైన్లు దింపడానికి, పైన అదనంగా మట్టి పోసి బరువు పెట్టడానికి ఒప్పించాను. ఐదు నెలలు దొరికాయి. డ్రైన్లు వేశాక నేను అడిగింది ఆరు. ఆ తగ్గిన నెల ఇప్పటికీ వంతెన మొదట్లో చిన్న ఎత్తుపల్లంలా తగులుతుంది. బండి మీద వెళ్లినప్పుడల్లా నాకు తెలుస్తుంది, మిగతావాళ్లకు రోడ్డు అంతేనేమో అనిపిస్తుంది.

మీ కన్సల్టెన్సీలో దొరకనిది సరిగ్గా ఇదే. అక్కడ రెండేళ్లలో మా ఐదేళ్ల ప్రాజెక్టులు చూస్తారు, లెక్కల్లో చెయ్యి బాగా తిరుగుతుంది. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ రిపోర్టు ఇచ్చాక ఆ నేల ఏమైందో వాళ్లు చూడటం అరుదు. మేం పదేళ్ల తర్వాత అదే కట్ట దగ్గరికి వెళ్తాం. మన అంచనా 30 సెంటీమీటర్లు, కుంగింది 38 అని కుంగుబాటు కొలవడానికి పెట్టిన సెటిల్‌మెంట్ ప్లేటు చూపిస్తుంది. ఆ తేడా ఎందుకొచ్చిందో కూర్చుని ఆలోచించినప్పుడు నేర్చుకున్నంత నేను ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు.

రాయడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఉద్యోగంలో సగం అదే. బ్రిటన్‌లోని వేల్స్‌లో అబర్‌ఫాన్ అనే ఊరుంది, అప్పట్లో అది బొగ్గు గనుల ఊరు. ఊరి పైనున్న కొండ మీద గని వ్యర్థాలు గుట్టలుగా పోసేవారు. అందులో ఏడో నంబరు గుట్టను నీటి ఊటల మీదే పోశారు. 1966 అక్టోబర్ 21 ఉదయం అది జారి బడి మీద పడింది. 144 మంది చనిపోతే వాళ్లలో 116 మంది పిల్లలు. బడి వెనక పోస్తున్న బొగ్గు బురదతో ప్రమాదం ఉందని స్థానిక సంస్థ ఇంజనీరు ఒకాయన మూడేళ్ల ముందే, 1963లో, ఉత్తరం రాశాడు. మనలాంటి ఉద్యోగే. ఆయన రాసింది సరైనదే, ఆ గుట్ట మాత్రం అక్కడే ఉండిపోయింది. ఇది తెలిశాక ఉత్తరం పంపి చేతులు దులుపుకోవడం మానేశాను. జవాబుకు గడువు రాసుకుంటాను. రాకపోతే కొలతలు, ఫోటోలు జోడించి ఇంకోటి, ఈసారి పైవాళ్లకు కాపీతో. అప్పుడూ కదలకపోతే వెళ్లి ఎదురుగా కూర్చుంటాను. ‘జియోటెక్ పరంగా అభ్యంతరం ఉంది’ అని రాస్తే ఎవరికీ అర్థం కాదు. ‘ఈ వాలు వానాకాలంలో జారి కింది రోడ్డు మీద పడొచ్చు’ అని రాస్తే ఫైలు కదులుతుంది.

బదిలీల సంగతి దాచను. మూడేళ్లు నన్ను నీటి సరఫరా పైపుల పనిలో వేశారు, నాలుగు నెలలు ఆఫీసు ఫర్నిచర్ ఆడిట్ కూడా చేశాను. అప్పుడు చదువు తుప్పు పడుతుంది, అబద్ధమెందుకు. పాత బ్యాచ్‌మేట్ల డిజైన్లు సెలవు రోజుల్లో తెప్పించుకుని సరిచూడటంతో నేను నెట్టుకొచ్చాను.

కాబట్టి చేరే ముందు ఒక్క విషయం కనుక్కోండి: ఆ శాఖకు సొంత సాయిల్ ల్యాబ్, నేల పరిశోధన విభాగం ఉన్నాయా, కొత్తవాళ్లను అక్కడ వేస్తారా. ఉంటే చేరిపోండి. లేకపోతే చేరిక గడువు పొడిగిస్తారేమో అడగండి. ఆ ప్రైవేటు ఆఫర్ తీసుకున్నా మొదటి ఏడాది ఆఫీసులో సాఫ్ట్‌వేర్ ముందు కాకుండా రిగ్గుల దగ్గర వేయమని అడగండి. ప్రభుత్వ పరీక్షకు వయసు ఇంకా ఎన్నేళ్లు మిగిలి ఉందో మాత్రం ముందే లెక్క చూసుకోండి.