డెలవేర్ ఒడ్డు చిత్రకారుల గురించి రాయబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. పెన్సిల్వేనియాలో డెలవేర్ నది ఒడ్డున, న్యూ హోప్ చుట్టుపక్కల, నూరేళ్ల కిందట పనిచేసిన ప్రకృతి దృశ్య చిత్రకారుల గురించి తెలుగులో రాయాలన్న ఆలోచన నీకు రావడమే నాకు పెద్ద సంతోషం. నదికి ఇవతల న్యూజెర్సీలో, ఎడిసన్‌లోనూ ప్రిన్స్‌టన్ వైపునా మనవాళ్లు ఎన్ని కుటుంబాలు ఉంటున్నారో నీకు తెలుసు. గంటసేపు కారులో వెళితే చేరుకోగలిగిన ఆ నది ఒడ్డుకు ఏటా ఆకులు పండే కాలంలో వెళ్లి, లాంబర్ట్‌విల్ వంతెన మీద ఫొటోలు దిగి వచ్చేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఆ రంగులనే కాన్వాసు మీదికి ఎక్కించడానికి జీవితాలు ధారపోసిన మనుషుల పేర్లు తెలిసినవాళ్లు మాత్రం బహు తక్కువ. కనుక నీ వ్యాసం రావాలి. అయితే ఇప్పుడున్న రూపంలో వద్దని నా అభిప్రాయం. ఎందుకో వివరంగా చెబుతాను, నొచ్చుకోకు.

నీ వ్యాసంలో మొదటి మూడు పేరాలు వీరి చిత్రకళా ఉద్యమానికి ఉన్న ‘పెన్సిల్వేనియా ఇంప్రెషనిజం’ అన్న పేరును నిర్వచించడానికే సరిపోయాయి. ఆ తరువాత ఎడ్వర్డ్ రెడ్‌ఫీల్డ్, విలియం లాత్రప్, డేనియల్ గార్బర్, రాబర్ట్ స్పెన్సర్, ఫెర్న్ కాపెడ్జ్, వీరందరినీ ఒకే వరుసలో నిలబెట్టి, అందరూ వెలుగును ఆరాధించారని, ప్రకృతిలో లీనమయ్యారని రాశావు. ఆ వాక్యాలను ఏ దేశపు ఏ చిత్రకారుడికి తగిలించినా అతుక్కుంటాయి, అదే వాటిలోని లోపం. ఒక చిత్రకారుడి గురించి రాసేటప్పుడు పాఠకుడికి ముందుగా తెలియవలసింది ఆ మనిషి ఎక్కడ నిలబడి వేశాడు, ఏ కాలంలో వేశాడు, ఎంతసేపట్లో వేశాడు, చేతిలో ఏం పట్టుకొని వేశాడు అన్న సంగతులే. పని ఎలా జరిగిందో చెప్పగలిగితే వెలుగు దానంతట అదే కనిపిస్తుంది. ఉద్యమం పేరు వ్యాసం చివర ఎక్కడో ఒక్కసారి వచ్చినా నష్టం లేదు.

రెడ్‌ఫీల్డ్‌నే తీసుకో. 1869లో పుట్టినవాడు. ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా చిత్రకళా అకాడమీలో చదువుకొని, పారిస్ వెళ్లి, మనుషుల రూపచిత్రాలు వేసి బతుకుదామని అనుకున్నవాడు, ఫాంటెన్‌బ్లో అడవి అంచున ఒక పల్లె సత్రంలో ఉంటూ మంచు చూసి మనసు మార్చుకున్నాడు. ఆ సత్రం యజమాని కూతురినే పెళ్లి చేసుకొని, 1898లో న్యూ హోప్‌కు ఎగువన ఉన్న సెంటర్ బ్రిడ్జి అనే చిన్న ఊళ్లో, కాలువ పక్కన కాపురం పెట్టాడు. ఇంతవరకూ నీవూ రాశావు. నీవు రాయనిది ఆయన పనిచేసిన తీరు. యాభై అంగుళాల ఎత్తు, యాభై ఆరు అంగుళాల వెడల్పు ఉన్న కాన్వాసును మంచులోకి మోసుకువెళ్లి, గాలికి అది తెరచాపలాగా ఎగిరిపోకుండా చెట్టుకు కట్టి, పొద్దున మొదలుపెట్టిన చిత్రాన్ని ఆ రోజే ముగించడం ఆయన పద్ధతి. రేపు వచ్చి సరిదిద్దుకుందామన్న మాట లేదు, ఎందుకంటే రేపటి మంచు ఈనాటి మంచు కాదు. చలికి నూనె రంగు గట్టిపడుతుంది, వేళ్లు కొయ్యబారతాయి, పొద్దు తిరిగేకొద్దీ నీడలు చోటు మారుతుంటాయి. ఈ మూడింటితో పోటీపడేవాడు సన్నని కుంచెతో నగిషీలు చెక్కుతూ కూర్చోలేడు. ఆయన చిత్రాల్లో రంగు అంత దట్టంగా, కుంచె గీత అంత పొడుగ్గా ఎందుకు ఉంటాయన్నదానికి కారణం ఇక్కడ దొరుకుతుంది. నీవు దానిని ‘ధీరత్వం నిండిన శైలి’ అన్నావు. ఆ మాట తప్పు కాదు, కానీ చెట్టుకు కట్టిన కాన్వాసును పాఠకుడికి చూపిస్తే ఆ మాట రాయవలసిన అవసరమే ఉండదు.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో రెడ్‌ఫీల్డ్ మీద ఒక వ్యాసం రాశాను. ఒక పాత క్యాలెండరులో అచ్చయిన మంచు చిత్రాన్ని ముందు పెట్టుకొని, మల్లెపూల తెలుపు, మీగడ తెలుపు అని ఉపమానాలు పేర్చుకుంటూ పోయాను. అది అచ్చయింది, నలుగురూ మెచ్చుకున్నారు కూడా. ఆ తరువాత కొన్నేళ్లకు డాయిల్స్‌టౌన్‌లోని మిచెనర్ మ్యూజియంలో ఆయన మంచు చిత్రాల ఎదుట మొదటిసారి నిలబడ్డాను. 1884లో కట్టిన పాత జిల్లా జైలును మార్చి 1988లో తెరిచిన మ్యూజియం అది. చిత్రానికి అడుగు దూరంలోకి వెళ్లి చూస్తే ఆ మంచులో ఉత్త తెలుపు ఉన్న చోటు వెతుక్కోవలసి వచ్చింది. ఎండ పడ్డచోట లేత పసుపు, గులాబి. నీడ పడ్డచోట నీలం, ఊదా. ఎండుగడ్డి తల ఎత్తినచోట మట్టిరంగు. పక్కకు జరిగి ఏటవాలుగా చూస్తే దున్నిన చేనులో చాళ్ల లాగా రంగు గట్లుకట్టి ఉంది, ఆ గట్లకు గదిలోని దీపాల వల్ల నిజమైన నీడలు పడుతున్నాయి. ఒక చెట్టుకొమ్మను కింది నుంచి పైకి ఒక్క లాగులో లాగాడు. కింద అది ముదురు గోధుమరంగులో మొదలై, దారిలో ఇంకా ఆరని మంచు తెలుపును తనలో కలుపుకుంటూ, కొసకు వచ్చేసరికి బూడిదరంగులోకి తిరిగింది. తడి రంగు మీద తడి రంగు వేస్తేనే అలా జరుగుతుంది. ఒక్క రోజులో ముగించాడన్నమాటకు సాక్ష్యం ఆ కొమ్మ కొసలో ఉంది. నా వ్యాసంలో రాసిన మల్లెపూలలో ఒక్కటి కూడా ఆ చిత్రానికి చెందదని అప్పుడు అర్థమైంది. ఆనాటి నుంచి నేను కళ్లారా చూడని చిత్రాన్ని వర్ణించలేదు. నీవు ఫోనులో చూసిన బొమ్మలతో వ్యాసం రాశావని నీ ఉపమానాలే చెబుతున్నాయి. ముందు డాయిల్స్‌టౌన్ వెళ్లు. చిత్రాలు సేకరించే లెన్‌ఫెస్ట్ దంపతులు 1999లో ఇచ్చిన యాభై తొమ్మిది చిత్రాలతో అక్కడి సేకరణ బలపడింది, ఒక్క పూటలో ముగించగలిగినది కాదు. అన్నీ చూడాలని పరుగెత్తకు. ఒక్క చిత్రం ముందు అరగంట నిలబడు.

రెడ్‌ఫీల్డ్ పద్ధతి చెప్పిన తరువాత ఆ పద్ధతిని ఆయనే తప్పిన సందర్భం కూడా చెప్పాలి. నీ వ్యాసంలో ఆ తగలబడే వంతెన చిత్రం పేరు ఉంది, కథ లేదు. 1923 జూలైలో పిడుగు పడి, సెంటర్ బ్రిడ్జిని న్యూజెర్సీ వైపున ఉన్న స్టాక్‌టన్‌తో కలిపే కప్పుగల చెక్క వంతెన తగలబడిపోయింది. ఊరంతా ఒడ్డుకు చేరి చూసింది, వారిలో రెడ్‌ఫీల్డ్ కూడా ఉన్నాడు. ఆరుబయట వస్తువును ఎదురుగా పెట్టుకొని తప్ప వేయని మనిషి, ఆ రాత్రి ఒక కవరు మీద గుర్తులు రాసుకొని, మరునాడు జ్ఞాపకం నుంచి ఆ మంటను చిత్రించాడు. పాతికేళ్లుగా రోజూ చూసిన వంతెన, నది, ఎదుటి గట్టు ఆయన చేతికి కంఠతా వచ్చి ఉండకపోతే ఒక్క కవరు మీది గుర్తులతో అంత పెద్ద చిత్రం నిలిచేది కాదు. నీవు ఆ చిత్రాన్ని ‘భావోద్వేగాల విస్ఫోటనం’ అని వదిలేశావు. అది ఒకే చోట పాతికేళ్లు కాపురమున్న మనిషి సంపాదించుకున్న నేర్పు అని చెబితే, ఈ చిత్రకారులు పారిస్‌నూ ఫిలడెల్ఫియానూ విడిచి ఆ పల్లెల్లో ఎందుకు స్థిరపడ్డారో కూడా పాఠకుడికి తెలిసివస్తుంది.

గార్బర్ దగ్గరకు వచ్చేసరికి నీ వ్యాసం బాగా తడబడింది. రెడ్‌ఫీల్డ్‌కు వాడిన విశేషణాలనే ఈయనకూ వాడావు. ఈయన గమనమే వేరు. 1907లో లంబర్‌విల్ దగ్గర కటలోసా వాగు ఒడ్డున స్థిరపడ్డ గార్బర్, 1909 నుంచి 1950 వరకు, అంటే నలభై ఏళ్లకు పైగా, పెన్సిల్వేనియా అకాడమీలో పాఠాలు చెప్పాడు. ఒక్క రోజులో ముగించాలన్న పట్టుదల ఈయనకు లేదు. చిన్న చిన్న గీతలను పక్కపక్కన పేర్చుకుంటూ, బట్ట మీద దారంతో కుట్లు వేసినట్టు నింపుతాడు. దగ్గర నుంచి చూస్తే అల్లిక, దూరం నుంచి చూస్తే ఎండ. నదికి ఆవలి గట్టున న్యూజెర్సీ వైపు ఉన్న రాతి గనులను ఆయన పదేపదే వేశాడు. ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఉన్న ‘క్వారీ, ఈవెనింగ్’ (1913) చూడు. మందుగుండుతో పేల్చి, కొండను కోసి, గాయపరిచిన చోటు అది. సాయంకాలపు వెలుగులో దానిని ఆయన అంత ప్రశాంతంగా ఎలా చూడగలిగాడు అన్న ప్రశ్న నన్ను ఎప్పుడూ వెంటాడుతుంది. నీకు జవాబు తోచకపోయినా ఆ ప్రశ్నను వ్యాసంలోకి తీసుకురా. అందరూ ప్రకృతి ఆరాధకులే అన్న సులువైన మాటను ఆ ప్రశ్న ఆపుతుంది. స్పెన్సర్ అయితే మరీ వేరు. ఆయన చూపు నది మీద కంటే గట్టున ఉన్న మిల్లుల మీద, వాటిలో పనిచేసే మనుషుల మీద, వాళ్ల ఇళ్ల వెనుక దండేల మీద ఉంటుంది. ఆయనను రెండు వాక్యాల్లో సరిపెట్టకు, లేదా ఈ వ్యాసంలోంచి పూర్తిగా తీసేసి మరో వ్యాసానికి దాచిపెట్టు.

లాత్రప్ విషయంలో దీనికి విరుద్ధమైన పొరపాటు చేశావు. ఫిలిప్స్ మిల్ దగ్గర 1898 ప్రాంతంలో స్థిరపడి, ఆదివారాలు భార్య ఇచ్చే తేనీటి విందులతో తోటి చిత్రకారులకు పెద్ద దిక్కయిన ఆ మనిషి, తన చేతులతో కట్టుకున్న పడవలో 1938 నాటి పెద్ద తుఫానుకు చిక్కి ప్రాణం విడిచిన ఘట్టాన్ని ఒక పేజీ నిండా రాశావు. చదువుతుంటే కళ్లు చెమ్మగిల్లాయి, ఆ నేర్పు నీకుంది. కానీ ఆయన చిత్రాల గురించి ఆ వ్యాసంలో రెండే వాక్యాలున్నాయి. మసక వెలుగును, అణిగిన రంగులను నమ్ముకున్న ఆయన, ఎండను వెంటాడిన రెడ్‌ఫీల్డ్‌తో ఒకే బృందంలో ఎలా ఇమిడాడో చెప్పకుండా ఆయన చావును చెప్పడం చిత్రకారుడికి న్యాయం చేయదు. కాపెడ్జ్‌కు కూడా అంతే. ఎలుగుబంటి చర్మపు కోటు వేసుకొని మంచులో నిలబడి వేసిందని రాశావు, మంచిదే. ఆ కోటుతో పాటు ఆమె ఇళ్లకు వేసిన గాఢమైన రంగుల గురించి, మహిళా చిత్రకారులు సొంతంగా ప్రదర్శనలు పెట్టుకున్న ‘ఫిలడెల్ఫియా టెన్’ బృందంలో ఆమె పాత్ర గురించి కూడా రాయి.

భాష గురించి రెండు మాటలు. ఇంప్రెషనిజాన్ని నీవు ‘అనుభూతివాదం’ అన్నావు. తెలుగు పాఠకుడికి అనుభూతి అనగానే కవిత్వమూ, మనసు లోపలి కదలికా స్ఫురిస్తాయి. 1874లో పారిస్ ప్రదర్శనను చూసి విమర్శకుడు లూయీ లెరోయ్ ఫ్రెంచి చిత్రకారుడు మోనే చిత్రం పేరులోని ‘ఇంప్రెషన్’ను పట్టుకొని ఎగతాళిగా వాడిన మాట నుంచి ఇంప్రెషనిజం అన్న పేరు వచ్చింది. అందులో ఉన్నది కంటి మీద పడిన తొలి ముద్ర. ఆ తేడా పోతుంది కనుక ఇంప్రెషనిజం అనే ఉంచు. కాన్వాసును కాన్వాసు అనే రాయి. కుంచె, అంచు, ముదురు, లేత, గట్టు, నాగటిచాలు, ఇవి మన ఇంటి మాటలు, వీటిని ధైర్యంగా వాడు. ‘వర్ణవైభవం’, ‘కాంతిపుంజాలు’ వంటివి కనిపించిన ప్రతిచోటా కొట్టివేసి, ఆ స్థానంలో ఏ రంగు పక్కన ఏ రంగు ఉందో రాయి.

మరొకటి. డెలవేర్‌ను చూడగానే గోదావరి గుర్తొచ్చిందని నాలుగుచోట్ల రాశావు. మన ఊరి నది మీది బెంగ నాకూ ఉంది. అయినా డెలవేర్‌ను డెలవేర్‌గా చూడు. దాని పక్కన బ్రిస్టల్ నుంచి ఈస్టన్ దాకా అరవై మైళ్ల కాలువ ఉంది. 1832లో తెరిచిన ఆ కాలువలో, కంచరగాడిదలు గట్టు వెంట నడుస్తూ లాగిన పడవలు బొగ్గు మోశాయి. 1931లో ఆ రాకపోకలు ఆగిపోయాయి. ఈ చిత్రకారులు వేసిన కాలువ ఒక పాతబడుతున్న పనిముట్టు అని తెలిస్తే చిత్రంలో ఖాళీగా కనిపించే గట్టు కూడా మాట్లాడుతుంది. గోదావరి దృశ్యాలు వేసిన దామెర్ల రామారావు మీద రాయాలనిపిస్తే తప్పక రాయి, రాజమండ్రిలో ఆయన పేరున చిత్రశాల కూడా ఉంది. అది వేరే వ్యాసం, దానికి వేరే ప్రయాణం కావాలి.

1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో రెడ్‌ఫీల్డ్‌కు ఒక గది మొత్తం కేటాయించారని రాసి, అక్కడితో వ్యాసాన్ని జయధ్వానాలతో ముగించావు. అదే రెడ్‌ఫీల్డ్ 1947లో, భార్య పోయిన ఏడాది, తన స్థాయికి తగవని తోచిన చిత్రాలను పెద్ద సంఖ్యలో తగలబెట్టాడు. కొన్నేళ్లకు కుంచె పూర్తిగా వదిలేసి కుర్చీలు, పెట్టెలు, రగ్గులు తయారుచేస్తూ 1965 వరకు బతికాడు. ఆ మంట గురించి నీవు ఒక్క మాట కూడా రాయలేదు. రాసి పంపు, అప్పుడు మొత్తం వ్యాసాన్ని మళ్లీ చదువుతాను.

ఈ చలికాలం మంచు గట్టిగా పడి, మరునాడు ఎండ కాసిన రోజున ఫోను చెయ్యి. ఇద్దరం సెంటర్ బ్రిడ్జి దగ్గర కారు ఆపి కాలువ గట్టున దిగువకు నడుద్దాం. మందపాటి మేజోళ్లు, తడి పట్టని బూట్లు వేసుకొని రా. కెమెరా ఇంట్లోనే ఉంచి, ఒక చిన్న నోటు పుస్తకమూ పెన్సిలూ తెచ్చుకో. చలికి పెన్నులో సిరా కదలదు. పొద్దున తొమ్మిదికి చెట్టు నీడ ఏ రంగులో ఉందో ఒకసారి, మధ్యాహ్నం మూడుకు ఏ రంగులో ఉందో మరొకసారి రాసుకుందువుగాని.

ఆశీస్సులతో,
మీ బాబాయి