హ్యూస్టన్ కూలీల కిడ్నీ జబ్బులు చదివితే మా అమ్మాయికి ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర ఒక ఊరు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా అమ్మాయి బీడీఎస్ పూర్తిచేసింది. అమెరికాలో హ్యూస్టన్‌లో ఎంపీహెచ్‌కు సీటు వచ్చింది, అంటే ప్రజారోగ్యంలో మాస్టర్స్. అక్కడి లాటినో (లాటిన్ అమెరికా దేశాల మూలాలున్న) వలస కార్మికుల కిడ్నీ జబ్బుల మీద పనిచేస్తానంటోంది. డేటా సైన్స్ వైపు వెళ్లమంటే వినడం లేదు. ఎవరో మెక్సికో కూలీల ఆరోగ్యం గురించి చదవడానికి మేము లక్షలు అప్పుచేసి పంపాలా? రేపు ఆమెకు ఉద్యోగం ఇచ్చేదెవరు?

జవాబు: మాస్టారూ, మీరు ఒకే ప్రశ్న అనుకుని రెండు అడిగారు. అమ్మాయి ఎంచుకున్న విషయం పనికొచ్చేదేనా అన్నది ఒకటి. ఆ చదువు అప్పు తీరుస్తుందా అన్నది మరొకటి. మొదటిదానికి సందేహం లేకుండా అవుననే చెబుతాను. రెండోది ఎంపీహెచ్‌లో ఆమె ఏ విభాగం తీసుకుంటుందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. కన్సల్టెన్సీల వాళ్లు ఈ తేడా చెప్పరు. వాళ్లకు ఏ సీటైనా సీటే.

ముందు విషయం సంగతి. మీరుండేది ఉద్దానంలో. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు లేని వీధి వెతుక్కోవాలన్న సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. షుగరు, బీపీ లేనివాళ్లకూ ఎందుకొస్తోందో ఇంకా తేలలేదు. ఇలాంటి జబ్బే మధ్య అమెరికాలో పసిఫిక్ తీరం వెంట, ఎల్ సాల్వడార్, నికరాగ్వాల చెరకు తోటల్లో ఉంది. 2002లో శాన్ సాల్వడార్‌లోని రోసాలెస్ ఆసుపత్రి వైద్యులు తమ దగ్గరికొచ్చే కిడ్నీ రోగుల్లో చాలామందికి తెలిసిన కారణమేదీ కనబడటం లేదని రాశారు. అక్కడ ఎక్కువగా ఎండలో చెరకు నరికే మగ కూలీలకే వస్తోంది, ఉద్దానంలో ఆడవాళ్లకూ వస్తోంది కాబట్టి రెండూ ఒకటేనని తొందరపడకూడదు. కానీ ప్రపంచంలో ఈ జబ్బును పరిశోధించేవాళ్లు ఉద్దానం పేరును, ఎల్ సాల్వడార్ పేరును ఒకే వాక్యంలో రాస్తారు. నికరాగ్వాలో ఒక చెరకు మిల్లు కూలీలకు గంటల లెక్కన నీరు, నీడ, విశ్రాంతి ఇవ్వడం మొదలుపెట్టాక కొత్తగా కిడ్నీ దెబ్బతినే కేసులు తగ్గాయి. మీ అమ్మాయి ఎవరో పరాయివాళ్ల రోగం వెంట పడిందని మీరనుకుంటున్నారు. నాకు మాత్రం తన ఊరి రోగం వెంటే వెళుతున్నట్టు కనిపిస్తోంది. ఒకసారి ఆమెనే అడిగి చూడండి.

ఎల్ సాల్వడార్ నుంచి అమెరికా వెళ్లినవాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన నగరాల్లో హ్యూస్టన్ ఒకటి. ఆ నగరమున్న హారిస్ కౌంటీ జనాభాలో నూటికి 40 మందికి పైగా లాటినోలే. 2020 జనగణన ప్రకారం దేశం మొత్తంమీద వాళ్లు 6.2 కోట్లు. టెక్సాస్‌లో ప్రజారోగ్యం చదివి లాటినోలను పట్టించుకోకపోవడమంటే శ్రీకాకుళంలో వైద్యం చేస్తూ మత్స్యకారుల పేటల వైపు వెళ్లనని చెప్పడమే.

ఇక ఆమె చదవబోయే ఆరోగ్య అసమానత సంగతి. ఇది ఉపన్యాసాల్లో వినిపించే మాటగా మిగలకూడదనుకుంటే డయాలిసిస్ ఉదాహరణ ఒక్కటి చూడండి. కిడ్నీలు పూర్తిగా పాడైనవాళ్లకు వారానికి మూడుసార్లు డయాలిసిస్ కావాలి. అమెరికా పౌరులకు 1972 చట్టం ప్రకారం వయసుతో పని లేకుండా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఆ ఖర్చులో చాలావరకు భరిస్తుంది. సరైన పత్రాలు లేని వలస కార్మికుడికి ఆ హక్కు లేదు. ప్రాణం మీదికి వస్తే మాత్రం ఎమర్జెన్సీ విభాగం చూడాలి. దాంతో చాలా రాష్ట్రాల్లో ఏం జరుగుతుందంటే, ఆ మనిషి ఊపిరాడక, ఒంట్లో నీరు నిండి, రక్తంలో పొటాషియం ప్రమాదకర స్థాయికి చేరేదాకా ఇంట్లో ఉంటాడు. అప్పుడు ఆసుపత్రికి వస్తాడు. రక్తం తీసి చూస్తారు. అంకెలు ఇంకా అంత చెడిపోలేదంటే వెనక్కి పంపుతారు, మళ్లీ చెడిపోయాక రమ్మని. డెన్వర్‌లో లిలియా సెర్వాంటెస్ అనే వైద్యురాలు ఈ పద్ధతిలో నడిచే చోట్ల రోగులను, పత్రాలు లేకపోయినా క్రమం తప్పకుండా డయాలిసిస్ ఇచ్చే శాన్‌ఫ్రాన్సిస్కో రోగులతో పోల్చి 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. అత్యవసరం వచ్చినప్పుడే డయాలిసిస్ పొందినవాళ్లకు ఐదేళ్ల దగ్గర మరణ ముప్పు 14 రెట్లకు పైగా ఉందని తేలింది. 2019లో డెన్వర్ ఉన్న కొలరాడో రాష్ట్రం తన మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) నిబంధనను సవరించి వీళ్లకూ క్రమబద్ధమైన డయాలిసిస్ అందేలా చేసింది. మీరు లెక్కల మాస్టారు కాబట్టి గమనించమంటాను: ఆ నిబంధనను కదిలించడంలో సానుభూతితోపాటు సరిగ్గా వేసిన లెక్కకూ పెద్ద వాటా ఉంది.

డయాలిసిస్ దాకా వెళ్లకముందు ఉండే కథ ఇంకా పెద్దది. అమెరికాలో 65 ఏళ్లలోపు లాటినోల్లో వైద్య బీమా లేనివారి శాతం తెల్లవారితో పోలిస్తే రెండున్నర రెట్లకు మించి ఉంటుంది. దేశంలో బీమా లేనివారి శాతం అత్యధికంగా ఉన్న రాష్ట్రం టెక్సాసే. 2010 ఆరోగ్య చట్టం కింద మెడికెయిడ్‌ను విస్తరించని రాష్ట్రాల్లో అదీ ఒకటి. పనిచోటు సంగతి సరేసరి. ఆస్టిన్, డాలస్ నగరాలు భవన నిర్మాణ కూలీలకు ప్రతి నాలుగు గంటలకు పది నిమిషాలు నీళ్లు తాగే విరామం ఇవ్వాలని నిబంధన పెట్టుకున్నాయి. నగరాలు ఇలాంటివి పెట్టుకునే వీలు లేకుండా 2023లో రాష్ట్ర ప్రభుత్వం చట్టం తెచ్చింది. అవును, పది నిమిషాల విరామానికే. ఆ ఎండ ఎలా ఉంటుందో హ్యూస్టన్‌లో ఉన్న మన తెలుగువాళ్లలో ఎవరినైనా అడగండి, కారులోంచి దిగి ఇంట్లోకి వెళ్లేలోపే తెలుస్తుందంటారు.

అలాగని లాటినోలంటే రోగాల పుట్ట అనుకుని మీ అమ్మాయి వెళ్లకూడదు. కరోనాకు ముందు, 2019లో అమెరికా లాటినోల సగటు ఆయుర్దాయం దాదాపు 82 ఏళ్లు. ఆదాయంలో మెరుగ్గా ఉన్న తెల్లవారికంటే మూడేళ్లు ఎక్కువ. ఈ విచిత్రాన్ని 1986లోనే మార్కిడెస్, కొరీల్ అనే పరిశోధకులు ఎత్తిచూపారు. పొగతాగడం తక్కువ కావడం, ఆరోగ్యవంతులే వలస రావడం, కుటుంబాల దన్ను అంటూ ఎవరి వివరణ వారిది. కరోనా వచ్చిన ఒకటి రెండేళ్లలో ఆ ఆయుర్దాయం నాలుగేళ్లు పడిపోయింది. మాంసం ప్యాకింగు ప్లాంట్లు, పొలాలు, వంటశాలలు ఇంటినుంచి పనిచేసే ఉద్యోగాలు కావు కదా. పైగా వీళ్లంతా ఒకే జాతి కాదు. అమెరికా అధీనంలోని కరీబియన్ దీవి ప్యూర్టోరికో వాళ్లు పుట్టుకతోనే అమెరికా పౌరులు, వాళ్లలో ఆస్తమా ఎక్కువ. గ్వాటెమాలా కొండల నుంచి వచ్చినవాళ్లలో కొందరికి స్పానిష్ కూడా సరిగా రాదు, ఇంట్లో మామ్ భాష మాట్లాడతారు. వీళ్లందరినీ కలిపి ఒకే గడిలో టిక్కు పెట్టే సర్వే ఎంత తప్పుదారి పట్టిస్తుందో మొదటి సెమిస్టరులోనే తెలుసుకోవాలి.

ఇక మీ అసలు బెంగ, ఉద్యోగం. నిజం చెప్పాలంటే ఇప్పుడు కాలం బాగాలేదు. 2025 మార్చిలో అమెరికా ఆరోగ్య శాఖ రాష్ట్రాలకూ స్థానిక ఆరోగ్య విభాగాలకూ ఇవ్వాల్సిన దాదాపు 1,100 కోట్ల డాలర్ల నిధులు రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది; వ్యవహారం కోర్టులకెక్కింది. ఏప్రిల్‌లో వేల మంది ఉద్యోగులను తీసేసింది. ఆరోగ్య అసమానతల మీద పరిశోధనలకిచ్చిన గ్రాంట్లు చాలా ఆగిపోయాయి. ప్రభుత్వ ఆరోగ్య విభాగాలు విదేశీయులకు వీసా స్పాన్సర్ చేయడం మొదటినుంచీ అరుదే. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటన కూడా వచ్చింది. ఇందులో మినహాయింపులున్నాయి, నిబంధనలు మారుతూనే ఉంటాయి, బయలుదేరే ముందు తాజా స్థితి చూసుకోండి. ఇవన్నీ తెలిసీ ఎవరైనా "ఎంపీహెచ్ చేస్తే చాలు, అక్కడే సెటిల్" అంటే వాళ్లకు ఫీజు కట్టకండి.

అందుకే ఆమె ఏ విభాగంలో చేరుతోందో చూడమంటున్నాను. ఆరోగ్య ప్రచారం, సాధారణ ప్రజారోగ్యం వంటి విభాగాల్లో చదివితే సాధారణంగా ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పనిచేసుకునే అనుమతి, ఒక్క ఏడాదే. ఎపిడెమియాలజీ (జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తున్నాయో లెక్కతీసే శాస్త్రం), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు) విభాగాలు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాలో ఉన్నాయి, ఇంకో 24 నెలల పొడిగింపు దొరుకుతుంది. విద్యార్థి వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 కాగితం మీద ఉండే కోర్సు కోడ్ దీన్ని నిర్ణయిస్తుంది, బ్రోషర్లో రాసిన పేరు కాదు. ఒకే పేరున్న డిగ్రీకి రెండు విశ్వవిద్యాలయాలు వేర్వేరు కోడ్లు వేసిన సందర్భాలుంటాయి. డిపాజిట్ కట్టకముందే ఈ-మెయిల్లో అడిగి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఆ కాలేజీకి ప్రజారోగ్య విద్యా మండలి, అంటే సీఈపీహెచ్ గుర్తింపు ఉందో లేదో కూడా చూడండి.

మీరు డేటా సైన్స్ అన్నారు కదా. ఎపిడెమియాలజీ చదివే అమ్మాయి ఆర్, శాస్ వంటి సాఫ్ట్‌వేర్లలో పనిచేయక తప్పదు. అంటే మీరు కోరిన పనీ ఆమె కోరిన విషయమూ ఒకే చోట ఉన్నాయి. ఆ లెక్క ఎంత విలువైందో చెప్పడానికి ప్యూర్టోరికో సంగతి చాలు. 2017లో మరియా తుపానులో చనిపోయినవారు 64 మంది అని ప్రభుత్వం నెలల తరబడి చెప్పింది. మరుసటి ఏడాది జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం గణాంకవేత్తలు అంచనా వేస్తే 2,975 అని వచ్చింది, ప్రభుత్వం ఆ అంకెనే ఒప్పుకుంది. కరెంటు లేక, డయాలిసిస్ అందక, మందులు అందక పోయినవాళ్లు మొదటి లెక్కలో లేరు.

బీడీఎస్ వృథా అవుతుందన్న దిగులు వద్దు. అమెరికాలో దాదాపు 1,400 సామాజిక ఆరోగ్య కేంద్ర సంస్థలు ఏడాదికి 3 కోట్లకు పైగా మందిని చూస్తున్నాయి, వాళ్లలో మూడోవంతుకు మించి లాటినోలు, పళ్ల చికిత్స కూడా అక్కడుంటుంది. అక్కడ డెంటిస్టుగా పనిచేయాలంటే మాత్రం దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ వేరే పరీక్షలు, మళ్లీ రెండు మూడేళ్ల చదువు, దానికి చాలా ఖర్చు. ఎంపీహెచ్ ఆ దారికి మెట్టు మాత్రమే అనుకుని వెళితే ఆ ఖర్చు కూడా ఇప్పుడే లెక్కలో వేసుకోవాలి.

ఆమె తప్పకుండా చేయాల్సిన పని ఒకటుంది, స్పానిష్ నేర్చుకోవడం. హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) స్పానిష్ కోర్సులున్నాయి, ఆన్‌లైన్లో అయినా ఫరవాలేదు. టెక్సాస్‌లో ప్రమోతోరాలనే సామాజిక ఆరోగ్య కార్యకర్తలుంటారు, మన ఆశా కార్యకర్తల పనికి దగ్గరి పని. 160 గంటల శిక్షణతో రాష్ట్రం ధ్రువపత్రం ఇస్తుంది. ఇంటింటికీ వెళ్లేది వాళ్లే, జనం నమ్మేదీ వాళ్లనే. వాళ్ల వెనకాల నడిచి ఫారాలు నింపించుకుని వచ్చేసే విద్యార్థులను ఆ పేటలవాళ్లు చాలామందిని చూశారు. మందు పేరు, మోతాదు స్పానిష్‌లో చెప్పగలిగితే తలుపు కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ల జబ్బును పదేళ్ల పిల్లవాడు డాక్టరుకు అనువదించే పరిస్థితిలో ఆ భాష ఎంత అవసరమో ఆమెకు వెంటనే అర్థమవుతుంది.

అప్పు విషయానికి వస్తే, ఉన్న పొలమో ఇల్లో తాకట్టు పెట్టాల్సి వస్తే నేను వద్దంటాను. అక్కడ ఉద్యోగం రాకుండా రెండేళ్లకు తిరిగొచ్చినా ఇక్కడి జీతంతో తీర్చగలిగినంతే తీసుకోండి. అది కుదరకపోతే తిరువనంతపురం శ్రీచిత్ర వైద్య సంస్థలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, చెన్నైలోని ఐసీఎంఆర్ జాతీయ ఎపిడెమియాలజీ సంస్థలో ఎంపీహెచ్ ఉంది. ఖర్చు ఆ పక్కన చాలా చిన్నది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఉద్దానం మీద పనిచేయడానికి ఆమెకు అమెరికా డిగ్రీ తప్పనిసరి కాదు. ఆరు నెలలు పలాస కేంద్రంలోనో, ఇక్కడి ఏదైనా పరిశోధన ప్రాజెక్టులోనో క్షేత్రస్థాయి పని చేసి, అడ్మిషన్‌ను ఏడాది వాయిదా వేయమని విశ్వవిద్యాలయాన్ని అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఆ ఏడాదిలో స్పానిష్ కూడా అయిపోతుంది. వాయిదాకు చివరి తేదీ ఎప్పుడో ఈ వారమే కనుక్కోండి.